ఓరుగల్లు కోట కూలింది.. ఆయన కొండలెక్కాడు! ప్రోలయ వేమారెడ్డి కోటల కథ ఇదీ

తెనాలిలో రైలెక్కి రేపల్లె దాకా వెళ్తే దారి పొడవునా వరి చేలు, కాలువలే. చిన్న గుట్ట కూడా కనిపించదు. బాపట్ల వైపు వెళ్లినా దాదాపు అంతే. పంటకు ఇంతకంటే మంచి నేల దొరకదు. కానీ 700 ఏళ్ల కిందట శత్రు సైన్యం వచ్చిపడితే తలదాచుకోవడానికి ఇక్కడ చోటే లేదు. ఈ చిక్కుకు దారి వెతికినవాడే ప్రోలయ వేమారెడ్డి. రెడ్డిరాజ్యాన్ని మొదలుపెట్టింది ఈయనే.

అసలు కథ ఓరుగల్లులో మొదలవుతుంది. కాకతీయుల కోట అంటే మామూలు కోట కాదు. బయట మట్టిగోడ, లోపల రాతిగోడ, చుట్టూ అగడ్తలు. నేరుగా దూసుకెళ్లడానికి వీల్లేకుండా మలుపులు తిరిగే ద్వారాలు. అయినా 1323లో ఢిల్లీ సేనలు దాన్ని పట్టుకున్నాయి. ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి విఫలమైంది. రెండోసారి నెలల తరబడి చుట్టుముట్టేసరికి లోపల తిండి అయిపోయింది. ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. ఢిల్లీకి తీసుకెళ్తుండగా నర్మద తీరంలో చనిపోయాడు. ఆ యువరాజే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దెనెక్కాడు.

వేమారెడ్డి కుటుంబం కాకతీయుల కొలువులో పనిచేసిందే. పేరులోని ప్రోలయ ఆయన తండ్రి పేరు. రాజు లేని తీరాంధ్రలో ముసునూరి నాయకులు తిరగబడ్డప్పుడు వేమారెడ్డి కూడా వాళ్లతో కలిశాడు. 1325 ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న అద్దంకిని రాజధాని చేసుకుని సొంతంగా పాలన మొదలుపెట్టాడు. కానీ అద్దంకి మైదానం. మళ్లీ అదే సైన్యం వస్తే?

అప్పటికి మన దగ్గర ఫిరంగులు లేవు. ఢిల్లీ సేనల బలమంతా రాళ్లు విసిరే భారీ యంత్రాలు, గుర్రాలు. ఓరుగల్లుపై 1310లో జరిగిన దాడిలోనే ఆ యంత్రాలు వాడారు, కందకాన్ని మట్టితో పూడ్చారు. ఇవన్నీ నేల మీద బాగా పనిచేస్తాయి. నిట్టనిలువు కొండ మీదకు యంత్రం ఎక్కదు, గుర్రం దూకదు. పైగా కొండకు కందకం తవ్వాల్సిన పనే లేదు!

అందుకే వేమారెడ్డి చూపు పడమటి కొండలపై పడింది. వాటిలో ముఖ్యమైంది కొండవీడు. గుంటూరుకు ఎంతో దూరం లేదు. ఇక్కడ గోడను గీత గీసినట్టు నేరుగా కట్టలేదు. కొండ అంచు ఎటు తిరిగితే గోడ కూడా అటే తిరిగింది. శిఖరాన్ని శిఖరంతో కలుపుతూ, మధ్యలో బురుజులతో సాగింది. రాయి కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, కొండే గని. పైకి ఎక్కే దారుల్లో కొలేపల్లి దర్వాజా, నాదెండ్ల దర్వాజా కాపలా కాసేవి.

ఇంతకీ ఓరుగల్లును ఓడించింది ఆకలి కదా. కొండ మీద అసలు గండం దాహం. దానికీ సమాధానం పైనే ఉంది. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. వాన నీరు ఒకటి నిండాక మిగులు మరోదానికి చేరేలా కట్టిన గొలుసు ఇది. కొండవీడు వెళ్లినవాళ్లు గోడల దగ్గర సెల్ఫీలు దిగి వచ్చేస్తారు గానీ, చూడాల్సింది ఈ చెరువులనే.

మరి ఇంత పనికి డబ్బు? ఒకటి కృష్ణా తీరపు పంట, రెండోది సముద్రం. ఇప్పటి చీరాలకు దక్షిణంగా ఉన్న మోటుపల్లి అప్పట్లో పెద్ద రేవు. 1244లోనే గణపతిదేవుడు అక్కడ విదేశీ వర్తకులకు అభయ శాసనం వేయించాడు. వేమారెడ్డి తమ్ముడు మల్లారెడ్డి ఆ రేవును గెలిచి అన్న చేతిలో పెట్టాడు.

కోటల కోసం కొండలకు రాళ్లు ఎక్కించిన రాజు, యాత్రికుల కోసం కూడా కొండలకు రాళ్లు పరిచాడు. శ్రీశైలం, అహోబిలంలో మెట్లు కట్టించిన పేరు ఈయనదే. ఎర్రాప్రగడ హరివంశాన్ని అంకితమిచ్చింది కూడా ఈ రాజుకే.

1353లో వేమారెడ్డి మరణించాడు. కొడుకు అనపోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి కొండవీడుకు మార్చేశాడు. 1424లో ఆ రాజ్యం ముగిసింది, తర్వాత కోట గజపతుల చేతికెళ్లింది.

1515లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చాడు. తెనాలి వాళ్లకు రాయలంటే రామకృష్ణుడి కథలే గుర్తొస్తాయి. ఆ ఏడాది మాత్రం ఆయనకు నవ్వే తీరిక లేదు. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ.. ఒక్కో దుర్గాన్నీ గెలుచుకుంటూ వచ్చి కొండవీడును ముట్టడించాడు. గజపతి కొడుకు వీరభద్రుడు లోపలే చిక్కుకున్నాడు. వారాల తరబడి చుట్టుముట్టాకే ఆ కొండ రాయల చేతికి వచ్చింది. దాన్ని కాపాడే బాధ్యత మంత్రి సాళువ తిమ్మరుసుకు అప్పగించాడు.