అన్నదమ్ములను మింగిన పేగు జబ్బు.. దానికి మందులు వచ్చింది ఈ తెలుగు డాక్టర్ ల్యాబ్ నుంచే!

సిరికొండ అయినా, ఆర్మూర్ అయినా.. సర్కారు దవాఖానకు చెకప్‌కు వెళ్లిన గర్భిణులకు ఐరన్ గోలీలు ఇస్తారు. అందులో ఐరన్ ఒక్కటే ఉండదు, ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. దాన్ని ల్యాబ్‌లో తయారు చేసే పనిని ముందుండి నడిపించింది మన తెలుగాయనే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు అంత సాఫీగా సాగలేదు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ పాస్ కాలేదు. ఆ తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ పిలుపుతో ఖాదీ కట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ థియేటర్‌లోకీ ఖాదీ గౌనే వేసుకెళ్లేసరికి ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి.. ఇద్దరూ రోజుల తేడాతో ఒకే జబ్బుకు బలయ్యారు. దాని పేరు ట్రాపికల్ స్ప్రూ. కొన్నాళ్లకు సుబ్బారావుకీ అదే పట్టుకుంది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చేసిన వైద్యంతో ప్రాణం దక్కింది. తర్వాత ఆయన ఆయుర్వేద కాలేజీలోనే సుబ్బారావు పాఠాలు చెప్పారు.

ఇంతకీ ఏంటీ స్ప్రూ? తిండి లేక వచ్చే జబ్బు కాదు. తిన్నది ఒంటికి పట్టని జబ్బు. చిన్నపేగు లోపల దారప్పోగుల్లాంటి సన్నని వేళ్లు లక్షల్లో ఉంటాయి. అన్నంలోని సత్తువను రక్తంలోకి లాగేది అవే. స్ప్రూ వస్తే ఆ వేళ్లు అరిగిపోయి పొట్టిగా అయిపోతాయి. ఆగని విరేచనాలు, నాలుక పూత, రక్తం తగ్గిపోవడం.. మనిషి ఎముకల గూడు అయిపోతాడు. ఇలాంటి పేగు ముక్కను మైక్రోస్కోప్‌లో చూస్తే గోడ నిండా లింఫోసైట్లు, అంటే రోగనిరోధక కణాలు, గుంపులుగా కనిపిస్తాయి.

ఈ కణాలు క్రిములతో పోరాడటానికే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి తిండి విషయంలోనూ వాటి చెయ్యి ఉంది. 2021లో యేల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఎలుకలపై చేసిన పరిశోధనలో ఇది బయటపడింది. పిండిపదార్థాలు ఎక్కువగా తింటే, వాటిని అరిగించి లాక్కునేలా పేగును సిద్ధం చేయడంలో అక్కడి టీ కణాలు సాయపడుతున్నాయట. సుబ్బారావు కాలంలో ఇవేవీ తెలియవు. పేగులో తేడా వచ్చిందని తెలుసు, అంతే.

మామగారి సాయం, కాకినాడ సత్యలింగం నాయకర్ చారిటీస్ భరోసాతో 1920ల మొదట్లో ఆయన అమెరికా వెళ్లారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదివి, సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించడం లాంటి పెద్ద పనులూ అక్కడే జరిగాయి. అయినా పర్మినెంట్ పోస్టు మాత్రం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి మారారు.

అక్కడే కథ మళ్లీ పేగు దగ్గరికొచ్చింది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతపై పనిచేసిన లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, ఈస్ట్ సారంలో ఏదో పోషకం ఉందని 1931లోనే చెప్పింది. అదే ఫోలిక్ యాసిడ్. సుబ్బారావు టీమ్ ముందు లివర్ నుంచి దాన్ని వేరు చేసింది, 1945 నాటికి ల్యాబ్‌లోనే తయారు చేసేసింది. వెంటనే క్యూబా, ప్యూర్టోరికోల్లో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది, ఆకలి పుట్టింది.

ఎందుకు పనిచేసిందంటే.. పేగు పొర కణాలు కొద్ది రోజులకోసారి పాతవి రాలి కొత్తవి పుడుతుంటాయి. అలా పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. పేగు పాడైతే ఫోలిక్ యాసిడ్ లోపలికి పోదు, అది అందకపోతే పేగు బాగవదు. ఈ ముడిని ఆ మందు విప్పింది. ఒక్కదానితోనే జబ్బు పూర్తిగా పోదు, చిన్నపేగులో పేరుకున్న బ్యాక్టీరియాను కూడా తగ్గించాలి. ఇక్కడే మరో విచిత్రం. ఆ పనికి వాడే టెట్రాసైక్లిన్ రకం మందుల్లో మొట్టమొదటిది ఆరియోమైసిన్. 1948లో బెంజమిన్ డగ్గర్ దాన్ని బయటికి తెచ్చిందీ సుబ్బారావు డైరెక్టర్‌గా ఉన్న లెడర్లీలోనే.

మరో మలుపు కూడా ఉంది. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్‌ను ఈ టీమే తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు వాడితే కొందరిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు తక్కువ డోసులో కీళ్లవాతానికీ, పేగుల్ని పీడించే క్రోన్స్ జబ్బుకీ రాస్తున్నారు. అక్కడ అది చేసే పని రెచ్చిపోయిన రోగనిరోధక కణాలను చల్లబరచడం. అన్నట్టు బోదకాలుకు ఊళ్లలో పంచే డీఈసీ గోలీ కూడా ఆయన ల్యాబ్‌దే.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53. ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలో ఉన్నా అక్కడి పౌరసత్వం తీసుకోలేదు, ఇండియాకూ తిరిగి రాలేదు. శేషగిరి ఆయన్ను మళ్లీ చూడనే లేదు. ఇప్పుడు ట్రాపికల్ స్ప్రూ అని తేలితే డాక్టర్లు నెలల తరబడి వాడమని రాసే కోర్సులో ముఖ్యమైనవి రెండు.. ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్.