భక్తసింగ్ గారు

నాకు తెలిసిన ఒక గొప్ప మనిషి గురించి వ్రాస్తున్నాను.

సికింద్రాబాదుకి దగ్గరలో, ముషీరాబాదు గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను అనే ప్రార్థనా మందిరం ఉంది. దాన్ని స్థాపించిన భక్తసింగ్ గారు 1903లో పంజాబులో సిక్కుల ఇంట పుట్టారు. మిషన్ బడిలో ఇచ్చిన బైబిలు అట్ట బాగుందని అట్ట ఉంచుకొని, కాగితాలన్నీ చింపేశారు. ఇంగ్లండుకి చదువుకు వెళ్ళేటప్పుడు మతం మారనని అమ్మకి మాటిచ్చారు.

తర్వాత 1929లో కెనడాలో అదే బైబిలు చదివి యేసుప్రభువును నమ్ముకున్నారు. 1932లో బాప్తిస్మం పొందారు. 1933లో బొంబాయికి తిరిగి వచ్చినప్పుడు అమ్మానాన్నలు ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని అడిగారు, ఇంటి పరువు పోతుందని. ఆయన దాచలేనన్నారు. వాళ్ళు ఆయన్ని వదిలేసి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి నాన్న కూడా యేసును నమ్ముకున్నారు. తండ్రీకొడుకులు మళ్ళీ కలిశారు.

హెబ్రోను కూటాలలో అన్ని కులాలవాళ్ళు చాపల మీద కలిసి కూర్చొని తినేవారు. దాన్ని ప్రేమవిందు అంటారు. నాకు ఇదే బాగా నచ్చింది. మన హాస్టల్లో కూడా అన్ని తెగల పిల్లలం ఒకే వరుసలో తింటాం గదా!

ఆయన 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో చనిపోయారు. మనం నమ్మినదాన్ని దాచకూడదు, కాదన్నవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదు అని నేను అనుకుంటున్నాను.

— 9వ తరగతి విద్యార్థిని