మానుకోట నుంచి ఉస్మానియాకు, అక్కడి నుంచి ఇమ్రోజ్‌కు: షోయబుల్లా ఖాన్

నిజాం కాలంలో ఉస్మానియా డిగ్రీ చేతికొచ్చిన ముస్లిం యువకుడికి సర్కారు నౌకరీ దొరకడం పెద్ద కష్టం కాదు. ఆ దారి వదిలేసి, జీతం సరిగా రాని చిన్న పత్రికల్లో చేరిన ఓరుగల్లు జిల్లా బిడ్డ షోయబుల్లా ఖాన్. 28 ఏళ్లు నిండకముందే ఆ పత్రిక కోసమే ప్రాణం ఇచ్చారు.

ఆయన 1920 అక్టోబర్ 17న మానుకోట, అంటే ఇప్పటి మహబూబాబాద్ దగ్గరి సుబ్రవేడులో పుట్టారు. అప్పుడది వరంగల్ జిల్లా. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో పనిచేసేవారు. కొడుకును ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలిచేవారని చెప్తారు.

అప్పట్లో డిగ్రీ చదవాలంటే పట్నం పోవాల్సిందే. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో డాక్టరీ, ఇంజనీరింగ్ సహా చదువంతా ఉర్దూలోనే సాగేది. ఒక భారతీయ భాషలో పైచదువులు చెప్పిన మొదటి యూనివర్సిటీ అదే. ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా పేరుతో ప్రత్యేక శాఖ కూడా నడిచింది. ఇంట్లో మాట్లాడే భాషలోనే పెద్ద చదువు అందడం ముస్లిం కుటుంబాలకు గొప్ప అవకాశమైంది. అయితే రాష్ట్రంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. వాళ్ల భాషకు ఆ చోటు దక్కలేదు.

క్యాంపస్‌లో రాజకీయాల వేడి కూడా తక్కువేం కాదు. 1938లో వందేమాతరం పాడారని ఎందరో విద్యార్థులను ఉస్మానియా నుంచి పంపించేశారు. వరంగల్ ప్రాంతం నుంచే వచ్చిన పి.వి. నరసింహారావు అలా నాగపూర్ వెళ్లి చదువుకోవాల్సి వచ్చింది. అదే ఉస్మానియాలో ఎం.ఏ. చేసిన మఖ్దూం మొహియుద్దీన్ కవిగా, కార్మిక నాయకుడిగా ఎదిగారు. ఒకే గేటు లోపలి నుంచి రాజుగారి అధికారులూ వచ్చారు, రాజరికాన్ని ప్రశ్నించినవాళ్లూ వచ్చారు.

షోయబుల్లా రెండో దారి పట్టారు. ఉస్మానియాలో పదును తేలిన ఉర్దూనే ఆయనకు పనిముట్టు అయింది. మొదట తేజ్ పత్రికలో ఉప సంపాదకుడిగా చేరారు. సర్కారు దాన్ని మూసేయించింది. తర్వాత మందుముల నరసింగరావు నడిపే రయ్యత్‌లో చేరారు. దానికీ అదే గతి పట్టింది. అయినా వెనక్కి తగ్గలేదు. 1947 నవంబర్‌లో సొంతంగా ఇమ్రోజ్ మొదలుపెట్టారు. ఆ మాటకు ఈ రోజు అని అర్థం. బూర్గుల రామకృష్ణారావు అండగా నిలిచారు. ఇంట్లో ఆడవాళ్ల నగలు కూడా పెట్టుబడిలోకి పోయాయని చెప్తారు.

అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్ మాత్రం విడిగానే ఉంది. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. రజ్వీ కూడా చదువు లేనివాడేం కాదు, అలీగఢ్‌లో లా చదివాడు. హైదరాబాద్‌లో పుట్టి అదే అలీగఢ్‌లో చదివిన జాకిర్ హుస్సేన్ మాత్రం జామియా మిల్లియాను నిలబెట్టి, 1967లో రాష్ట్రపతి అయ్యారు. క్యాంపస్ ఒక్కటే మనిషిని తయారు చేయదు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలని, హైదరాబాద్ భారత్‌లో కలవాలని ఇమ్రోజ్ రాసింది. ముస్లిం సంపాదకుడు ముస్లిం పాఠకులకు, వాళ్ల భాషలోనే ఈ మాట చెప్పడం రజాకార్లకు మింగుడు పడలేదు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇదే కోరుతూ ఇచ్చిన ప్రకటనను కూడా ఇమ్రోజ్ అచ్చేసింది. బెదిరింపులు వచ్చినా కలం ఆగలేదు.

ఆగస్టు 21 రాత్రి కాచిగూడలోని ఆఫీసులో పని ముగించుకుని, బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటికి నడిచి వెళ్తుండగా దుండగులు దాడి చేశారు. తుపాకీతో కాల్చి, రాసే చేతిని నరికేశారు. తెల్లవారేసరికి షోయబుల్లా కన్నుమూశారు. గాయపడిన ఇస్మాయిల్ ఖాన్ బతికారు.

నెల తిరగకముందే, సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయారు. రజ్వీ జైలుకు పోయి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఇక్కడే ఉండిపోయిన మామూలు ముస్లిం కుటుంబాలు మాత్రం ఆ తర్వాతి హింసలో నలిగిపోయాయి. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. కౌమ్‌ను రెచ్చగొట్టిన నాయకుడు బయటపడ్డాడు, హెచ్చరించిన జర్నలిస్టును అంతకుముందే చంపేశారు.

ఇప్పుడు వరంగల్ పిల్లలకు ఊళ్లోనే కాకతీయ యూనివర్సిటీ ఉంది, ఎన్ఐటీ ఉంది. చదివిన బిడ్డ మంచి నౌకరీ చేయాలని ప్రతి తల్లీతండ్రీ కోరుకుంటారు. అందులో తప్పేం లేదు. ఆ చదువుతోనే సొంత వాళ్లకు కూడా చేదు నిజం చెప్పగలిగినవాడే కౌమ్‌కు అసలైన పెద్ద. మానుకోట బిడ్డ షోయబుల్లా ఖాన్ అలాంటి పెద్దే.