రెనే డెకార్ట్

హైదరాబాదు నగరమున తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగర్ కలదు. అచ్చటినుండి విజయవాడకు పోవు రాజమార్గమును పట్టి సాగినచో ఎల్.బి.నగర్ కూడలి వచ్చును. ఉప్పల్, నాగోలు మీదుగా వచ్చు వలయమార్గము అచ్చట ఆ రాజమార్గమును కలియును. ఆ కూడలి రెండు మార్గములకును చెందినది. కన్నులతో చూచి దానిని ఎవరైనను గుర్తింపవచ్చును. కాని చూడకయే, కేవలము సంఖ్యలతో రెండు రేఖల కూడలిని కనుగొనుట సాధ్యమా? సాధ్యమని లోకమునకు చూపిన వారిలో రెనే డెకార్ట్ అగ్రగణ్యుడు.

డెకార్ట్ 1596వ సంవత్సరము మార్చి 31వ తేదీన ఫ్రాన్సు దేశమున లా హే అను ఊరిలో జన్మించెను. మరుసటి సంవత్సరమే తల్లి మరణించుటచే అమ్మమ్మ ఆ శిశువును పెంచెను. ఆయన బాల్యమునుండియు దుర్బలుడు. లా ఫ్లెష్ పాఠశాలలో చదువుచున్నప్పుడు అధ్యాపకులు ఆయన ఆరోగ్యమును గమనించి, ప్రొద్దెక్కువరకు శయ్యపై విశ్రమించుటకు అనుమతించిరి. ఉదయవేళ పడకపైననే ఆలోచించుట ఆయనకు నాటినుండి అలవాటయ్యెను.

1618లో ఆయన హాలెండు సైన్యమున చేరెను. బ్రెడా నగరమున ఐజాక్ బీక్‌మన్ అను పండితునితో కలిగిన స్నేహము ఆయన మనస్సును గణితమువైపు త్రిప్పెను. 1628లో ఆయన హాలెండుననే స్థిరపడి, ఏకాంతమున శాస్త్రవిచారము సాగించెను. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని వాదించిన గెలీలియోను 1633లో మతాధికారులు శిక్షించిరి. ఆ వార్త విని డెకార్ట్, అదే సిద్ధాంతముగల తన గ్రంథమును ప్రకటింపక దాచివేసెను. గ్రంథము ఆగెను గాని ఆలోచన ఆగలేదు.

1637లో లైడెన్ నగరమున ఆయన మరియొక గ్రంథము వెలువడెను. దాని చివర జ్యామితిని గూర్చిన భాగమొకటి కలదు. అంతవరకు ఆకృతులతో పనిచేయు జ్యామితియు, సమీకరణములతో పనిచేయు బీజగణితమును చాలవరకు వేర్వేరు దారుల నడచెను. డెకార్ట్ ఆ రెంటిని ఒకచోట కలిపెను. బిందువును దూరములచే నిర్ణయింపవచ్చుననియు, వక్రమును సమీకరణముగా వ్రాయవచ్చుననియు నిరూపించెను. వృత్తము, పరావలయము ఖండించుకొను చోట సమీకరణమునకు సాధనలు దొరకునని చూపెను. ఆ కాలముననే ఫ్రాన్సులో ఫెర్మా అను గణితవేత్తయు స్వతంత్రముగా ఇట్టి మార్గమునే కనుగొనెను.

నేటి విద్యార్థి ఆ మార్గముననే నడచుచున్నాడు. 1 మొదలు 4 వరకు గల సంఖ్యలను మొదటి స్థానమున ఉంచుదము. రెండవ సంఖ్య మొదటిదానికంటె 2 ఎక్కువగా ఉండవలెనన్నచో (1, 3), (2, 4), (3, 5), (4, 6) అను జంటలు వచ్చును. రెండింటి మొత్తము 8 కావలెనన్నచో (1, 7), (2, 6), (3, 5), (4, 4) వచ్చును. ఈ రెండు సమితులలోను ఉన్న జంట (3, 5) ఒక్కటే. అదియే వాని ఛేదనము. రేఖలుగా గీచినచో అవి ఆ బిందువుననే ఖండించుకొనును. ఇందు క్రమము ముఖ్యము. (5, 3) అని తారుమారు చేసినచో మొత్తము 8 అగును గాని మొదటి నియమము చెడును. కావుననే వీనిని క్రమయుగ్మములందురు. సమితుల శాస్త్రము 19వ శతాబ్దమున కాంటర్ వలన ఏర్పడినది. దానికి ఇట్టి ఉదాహరణముల నిచ్చిన నిరూపక జ్యామితి డెకార్ట్ నాటిది.

డెకార్ట్ జీవితమున దుఃఖమునకు కొదువ లేదు. ఆయన ముద్దుబిడ్డ ఫ్రాన్సీన్ 1640లో ఐదేండ్ల ప్రాయమున మరణించెను. 1649లో స్వీడన్ రాణి క్రిస్టీనా ఆహ్వానముపై ఆయన స్టాక్‌హోమ్ చేరెను. రాణి తెల్లవారుజామున ఐదు గంటలకే పాఠము చెప్పుమనెను. ప్రొద్దెక్కిన పిదపగాని లేవని ఆ దుర్బలశరీరుడు గడ్డకట్టు చలిలో రాజభవనమునకు పోవలసివచ్చెను. ఆయన న్యుమోనియా సోకి 1650 ఫిబ్రవరి 11వ తేదీన, 53 ఏండ్ల ప్రాయమున పరమపదించెను.

ఆయన పుట్టిన ఊరు 1967 నుండి డెకార్ట్ అనియే పిలువబడుచున్నది. శరీరము దుర్బలమైనను, దేశము కాని దేశమున ఒంటరియైనను, ఆలోచనను విడువనివాడు లోకమునకు క్రొత్త దారి చూపగలడని ఆయన జీవితము తెలుపుచున్నది.