దుర్గాబాయి దేశ్‌ముఖ్ - సేవకు దక్కవలసిన వేతనం

మా కళాశాల వార్షిక సంచికను ఎడమవైపు నుండి తెరచినవారికి తెలుగు, కుడివైపు నుండి తెరచినవారికి ఉర్దూ కనబడుతుంది. ఈ రెండు భాషల ఇండ్ల నుండి వచ్చిన మాకందరికీ చిన్ననాటి నుండి తెలిసిన మాట ఒకటున్నది. అది అంగన్‌వాడీ. ఆంగన్ అనగా ముంగిలి. సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని, వాటి చుట్టునున్న పల్లెలలో గాని ఏ వాడకు వెళ్ళినా పసిపిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని మాటలు నేర్పే టీచరమ్మ, పొయ్యి దగ్గర అన్నం వండే ఆయా కనబడతారు. మాలో అనేకుల చదువు ఆ ముంగిలిలోనే మొదలైనది. మా సహాధ్యాయినులలో కొందరి తల్లులు నేడు అట్టి కేంద్రాలలోనే పనిచేస్తున్నారు.

2023 సెప్టెంబరులో తెలంగాణ అంతటా అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగారు. తమను ప్రభుత్వోద్యోగులుగా గుర్తించాలని, నెలకు 26,000 రూపాయల కనీస వేతనమివ్వాలని, గ్రాట్యుటీ కల్పించాలని వారు కోరారు. ఆ దినాలలో మా మనస్సులలో ఒక ప్రశ్న మెదిలినది. ఉదయం నుండి పనిచేసే స్త్రీకి ఇచ్చే పైకమును జీతమనక గౌరవ వేతనమని ఎందుకంటారు? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ వెనుకకు నడచిన మాకు ఒక మహనీయురాలి జీవితం ఎదురైనది. స్వతంత్ర భారతదేశంలో స్త్రీ శిశు సంక్షేమ వ్యవస్థకు పునాది వేసిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితమది.

దుర్గాబాయి 1909 జులై 15వ తేదీన రాజమహేంద్రవరంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. నాటి ఆచారాన్ని అనుసరించి ఎనిమిదవ ఏటనే ఆమెకు వివాహం చేశారు. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆమె ఆ బంధాన్ని అంగీకరింపలేదు. తన మార్గం వేరని భర్తకు నెమ్మదిగా తెలియజెప్పి, మరొక వివాహం చేసికొమ్మని కోరారు. తండ్రి, సోదరుడు ఆమెకు అండగా నిలిచారు. కాలాంతరంలో ఆయన మరణించగా, దిక్కులేనిదైన ఆయన భార్యను దుర్గాబాయి చేరదీసి, వృత్తి శిక్షణ ఇప్పించి, స్వయంగా జీవించే మార్గం చూపారు. ఆదరణతోపాటు ఆర్జన మార్గమును కూడ చూపవలెనన్న ఈ పద్ధతి ఆమె జీవితమంతటా కానవస్తుంది.

1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు ఆమెకింకా పన్నెండేండ్లు నిండలేదు. ఆ ఊరి దేవదాసీలు, పరదా పాటించే ముస్లిం స్త్రీలు మహాత్ముని చూడగోరుతున్నారని ఆమె గ్రహించారు. వారు బహిరంగ సభకు రాలేరు. వారికి వేరుగా సమయమిమ్మని ఆ చిన్న బాలిక పెద్దలను అడిగినది. అయిదువేల రూపాయల నిధి సమకూర్చినచో అయిదు నిమిషాలు ఇప్పిస్తామని వారన్నారు. ఆ స్త్రీలే ఆ సొమ్మును పోగుచేశారు. అయిదు నిమిషాలకని వచ్చిన గాంధీజీ చాలాసేపు వారి మధ్య గడిపారు. స్త్రీలు తమ ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆయన హిందీ ప్రసంగాన్ని ఆమె తెలుగులో వినిపించారు. సంఘం వెలివేసిన స్త్రీలను, గడప దాటని స్త్రీలను ఒకే చోట చేర్చిన ఆ సభను తలచుకొన్నప్పుడు రెండు భాషల పిల్లలము కూడి చదువుకొనే మాకు సంతోషం కలుగుతుంది.

రెండేండ్ల తరువాత అదే కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినది. ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద ఆమె స్వచ్ఛంద సేవిక. టికెట్టు లేకుండా లోనికి వెళ్ళబోయిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె ఆపివేశారు. నిర్వాహకులు టికెట్టు తెప్పించిన తరువాతనే విడిచిపెట్టారు. నియమం ఒకరికొకటి, మరొకరికొకటి కారాదన్న పట్టుదల ఆ వయస్సులోనే ఆమెకున్నది.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె కారాగారానికి వెళ్ళారు. తరువాతి మూడేండ్లలో మరల మరల శిక్ష అనుభవించారు. మదురై జైలులో ఏకాంత వాసం కూడ భరించారు. జైళ్ళలో ఆమె చూచిన స్త్రీలలో చట్టమంటే ఏమిటో తెలియక, తమ పక్షాన మాట్లాడేవారు లేక శిక్ష పడినవారు అనేకులు. విడుదలైన పిమ్మట న్యాయశాస్త్రం చదువవలెనని ఆమె నిశ్చయించుకొన్నారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి ప్రైవేటుగా మెట్రిక్ కట్టి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ. ఆనర్సు ముగించి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు. బడి మధ్యలో మానిన ఒక బాల్యవధువు ముప్పది మూడేండ్ల వయస్సుకు న్యాయవాది అయినది.

ఈ లోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ వెలసినది. మెట్రిక్ పరీక్షకు బాలికలను తయారుచేసే చిన్న తరగతులతో ఆరంభమైన ఆ సంస్థ క్రమంగా వసతిగృహం, వృత్తి శిక్షణ, ఆసుపత్రి, దాదుల శిక్షణ వరకు విస్తరించినది. తదుపరి హైదరాబాదు విద్యానగర్‌లో ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మహిళా కళాశాల ఏర్పడినవి. అక్కడికి వచ్చిన వితంతువులకు, భర్తలు విడిచిన స్త్రీలకు అన్నం పెట్టి ఊరకుండలేదు. నర్సుగా, ఉపాధ్యాయినిగా, కుట్టుపని నేర్పే శిక్షకురాలిగా తీర్చిదిద్ది పంపారు.

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికైనారు. ఆ సభలో స్త్రీలు పదునైదుగురు మాత్రమే. చర్చలలో విరివిగా పాల్గొని, సభను నడిపే అధ్యక్షుల పట్టికలో స్థానం పొందిన ఏకైక మహిళ ఆమె. ఆ సభ ఆమోదించిన రాజ్యాంగంలోని 39వ అధికరణం, సమానమైన పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనం లభించేటట్లు రాజ్యం తన విధానాన్ని నడపవలెనని నిర్దేశించినది. అయితే అది ఆదేశిక సూత్రం. దానిని మాత్రమే పట్టుకొని న్యాయస్థానంలో హక్కుగా సాధించుకొనే వీలు లేదు. మాట వ్రాయబడినది, అమలు భావితరాలకు మిగిలినది.

1952 ఎన్నికలలో ఆమె ఓడిపోయారు. ఆ వెనువెంటనే ప్రణాళికా సంఘ సభ్యురాలైనారు. 1953 జనవరిలో నాటి ఆర్థికమంత్రి శ్రీ చింతామణ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే యేడు ఆగస్టులో కేంద్ర సంఘ సంక్షేమ మండలి స్థాపితం కాగా దానికి ప్రథమాధ్యక్షురాలైనారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సాయానికి కేటాయించిన నాలుగు కోట్ల రూపాయలను ఈ మండలి ద్వారా పంచారు. మరుసటి సంవత్సరం నుండి పల్లెలలో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలైనవి. సుమారు 25 గ్రామాలకు ఒక పథకం. బాలవాడి, ప్రసూతి సాయం, అక్షరాస్యత, చేతిపనులు అందులోని అంగాలు. గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనుల శిక్షకురాలు వాటిని నడిపేవారు.

ఇక్కడ ఒక చిక్కు ఎదురైనది. పల్లెలలో పనిచేయుటకు చదివిన స్త్రీలు దొరకలేదు. పట్టణ స్త్రీలు పల్లెకు రారు. పల్లె స్త్రీలకు చదువు లేదు. ఇందుకు దుర్గాబాయి కనుగొన్న ఉపాయం 1958లో మొదలైన సంక్షిప్త విద్యా తరగతులు. బడి మానిన వయోజన స్త్రీలను రెండేండ్లలో పరీక్షకు సిద్ధంచేసి, గ్రామసేవికలుగా, నర్సులుగా, ఉపాధ్యాయినులుగా పంపుట దాని ఉద్దేశం. తాను ప్రైవేటుగా మెట్రిక్ చదివిన అనుభవమే ఆమెకు ఈ మార్గం చూపి ఉండవచ్చునని మేము భావిస్తున్నాము. ఆ సంవత్సరమే ఏర్పడిన జాతీయ మహిళా విద్యా సంఘానికి కూడ ఆమె అధ్యక్షత వహించారు.

ఆమె నిర్మించిన ఈ వ్యవస్థలో సేవ అన్న ఒకే మాట క్రింద ఇద్దరు స్త్రీలు నిలిచారు. మొదటి స్త్రీ ఇంట లోటు లేనిది. దేశభక్తితో, దయతో ప్రతిఫలం కోరక వచ్చినది. రెండవ స్త్రీ పేద ఇంటి కోడలు, వితంతువు, పిల్లల తల్లి. ఆమెకు సేవయే జీవనోపాధి. మొదటి స్త్రీకి గౌరవమే వేతనం. రెండవ స్త్రీకి వేతనముంటేనే గౌరవం. దుర్గాబాయి రెండవ స్త్రీ చేతికి చదువును, పనిని ఇచ్చారు. కాని తరువాత వచ్చిన పథకాలు మొదటి స్త్రీకి తగిన కొలతనే రెండవ స్త్రీకి వాడినవి.

1975 సంవత్సరమును చూడండి. ఐక్యరాజ్యసమితి దానిని అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించినది. దుర్గాబాయికి పద్మవిభూషణ్ లభించినది ఆ ఏడే. సెప్టెంబరు 26న స్త్రీ పురుషులకు సమాన వేతనం ఇవ్వవలెనన్న ఆర్డినెన్సు వెలువడినది. మరుసటి యేడు అది చట్టమైనది. సరిగా ఆరు దినాల తరువాత, అక్టోబరు 2న, దేశంలో 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభమైనది. అందులో మెట్రిక్ చదివిన అంగన్‌వాడీ టీచరుకు నెలకు 150 రూపాయలు, చదువనివారికి 100, ఆయాకు 35. అవి జీతం కావు, గౌరవ వేతనాలు. సమాన వేతన శాసనం, జీతం లేని ఉద్యోగం ఒకే వారంలో పుట్టినవి!

ఆ చట్టం ఈ స్త్రీలకు ఎందుకు ఉపకరించలేదు? ఒకే పనిని, లేక ఒకే రకపు పనిని చేసే స్త్రీ పురుషుల మధ్య భేదం చూపరాదని అది చెప్పినది. పోల్చుటకు ప్రక్కన ఒక పురుషుడుండాలి. అంగన్‌వాడీలో టీచరు స్త్రీయే, ఆయా స్త్రీయే. ఎవరితో పోల్చాలి? స్త్రీలు మాత్రమే చేసే పని అయినందుననే అది చౌకగా లెక్కింపబడినదన్న సంగతి ఆ త్రాసులో తూగదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒడంబడిక ఇంతకంటె విశాలమైనది. పని ఒకటే కానక్కరలేదు, పని విలువ సమానమైనచో వేతనం సమానం కావలెనని అది చెప్పినది. భారతదేశం దానిని 1958లోనే ఆమోదించినది. అయినను 1976 చట్టంలో గాని, దానిని తనలో కలుపుకొన్న 2019 వేతనాల కోడ్‌లో గాని ఆ విశాలార్థం పూర్తిగా ప్రవేశించలేదు.

న్యాయస్థానాలలో ఈ కథ మెల్లగా నడచినది. సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగ లక్ష్యమని సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పినది ఒక పోలీసు డ్రైవరు విషయంలో, అనగా ఒక పురుషుని విషయంలో. అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ పదవులలో ఉన్నవారు కారని అదే కోర్టు 2006లో పేర్కొన్నది. 2022 ఏప్రిల్‌లో మాత్రం వారికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని, ఆ చట్టం నిమిత్తం గౌరవ వేతనం కూడ వేతనమేనని తేల్చినది. పేరు మార్చినంత మాత్రాన పని స్వరూపం మారదని ఒప్పుకొనుటకు నలుబదియేడేండ్లు పట్టినవి.

పైకం పెరగలేదని మేమనము. కేంద్రం నిర్ణయించిన మొత్తం 2018లో 4,500 రూపాయలైనది. తెలంగాణ ప్రభుత్వం తన వాటా చేర్చగా 2021లో టీచరుకు 13,650, ఆయాకు 7,800 రూపాయలైనవి. పని కూడ పెరిగినది. పిల్లల బరువు చూచుట, ఆటపాటలతో చదువు చెప్పుట, గర్భిణులకు భోజనం పెట్టుట, ఇల్లిల్లు తిరుగుట, టీకాలకు తల్లులను పిలుచుకొని వచ్చుట, రిజిస్టర్లు నింపుట, ఇప్పుడు సెల్‌ఫోనులో ఆ లెక్కలే మరల ఎక్కించుట. ఉర్దూ మాట్లాడే వాడలో పనిచేసే తెలుగు టీచరు ఉర్దూ మాటలు నేర్చుకొంటుంది. తల్లితో ఆమె భాషలో మాట్లాడనిదే బిడ్డ కేంద్రానికి రాదు. ఈ నేర్పు ఏ జీతపు పట్టికలోనూ లేదు. పిల్లలను సాకుట స్త్రీకి సహజమని, సహజమైన దానికి వెల కట్టనక్కరలేదని లోకం అనుకొంటుంది. కాని బరువు తగ్గిన బిడ్డను సకాలంలో గుర్తించుట సహజగుణం కాదు. అది శిక్షణ వలన, అనుభవం వలన వచ్చే విద్య.

దుర్గాబాయి 1981 మే 9వ తేదీన పరమపదించారు. ఆమె స్థాపించిన కేంద్ర సంక్షేమ మండలిని 2022లో మూసివేశారు. అయినను ఆమె నాటిన విత్తు మన వాడలలో మొలకెత్తుచునే ఉన్నది. తెలంగాణలో సుమారు 35,700 అంగన్‌వాడీ కేంద్రాలు నడచుచున్నవి.

మహనీయులను స్మరించుట అనగా వారి పటానికి పూలదండ వేయుట మాత్రమే కాదు. వారు సగం వేసిన బాటను పూర్తిచేయుట కూడ స్మరణయే. దుర్గాబాయి స్త్రీని ఇంటి నుండి సమాజ సేవలోనికి తెచ్చారు. ఆ సేవను ఉద్యోగంగా గుర్తించుట, దాని విలువను పురుషుని ప్రక్కన నిలిపి కాక పనిని బట్టి తూచుట మన తరం బాధ్యత. ఎల్లరకు ఒకే నియమమని ద్వారం వద్ద నిలిచిన ఆ బాలిక నేడున్నచో, ఈ టీచరమ్మల పక్షాననే నిలిచి ఉండేదని మా విశ్వాసం. మా చేయి పట్టుకొని మొదటి మాటలు నేర్పిన తల్లులకు మేము తీర్చవలసిన ఋణం కూడ ఇదే.