నెత్తిన ఖర్జూర గింజల మూట

నేడు డబ్బు కట్టి జిమ్‌లో బరువులెత్తే యువకులు కొందరు, ఇంట్లో అమ్మకు బిందెడు నీళ్ళు అందించడాన్ని నామోషీగా భావిస్తున్నారు. అలాంటివారి కోసమే హజ్రత్ అస్మా (రజి) జీవితాన్ని మేము గుర్తు చేస్తున్నాము.

ఆమె హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) గారి కుమార్తె, హజ్రత్ ఆయిషా (రజి) గారికి అక్క. క్రీ.శ. 622లో హిజ్రత్ వేళ, దైవప్రవక్త (స) ప్రయాణపు ఆహారం మూట కట్టడానికి తాడు దొరకకపోతే తన నడికట్టును రెండుగా చీల్చి కట్టారు. అందుకే ఆమెకు 'జాతున్నితాఖైన్' అనే బిరుదు దక్కింది.

మదీనాలో కాపురం పెట్టేనాటికి భర్త హజ్రత్ జుబైర్ (రజి) వద్ద ఒక గుర్రం, నీళ్ళు మోసే ఒంటె తప్ప ఆస్తి లేదు. గుర్రానికి మేత వేయడం, నీళ్ళు తోడటం, తోలు బొక్కెన కుట్టడం, పిండి పిసకడం అన్నీ ఆమే చేసేవారు. రొట్టెలు బాగా కాల్చడం రాకపోతే పొరుగింటి అన్సారీ స్త్రీలు కాల్చి ఇచ్చేవారు. 3 కిలోమీటర్లకు పైగా దూరంలోని పొలం నుంచి ఖర్జూర గింజలను నెత్తిన మోసుకొచ్చేవారు.

ఒకనాడు దారిలో దైవప్రవక్త (స) ఆమెను చూసి, ఎక్కించుకోవడానికి తన ఒంటెను కూర్చోబెట్టారు. బిడియంతో ఆమె ఎక్కలేదు. ఇది విన్న జుబైర్ (రజి), ఆమె ఒంటె ఎక్కడం కన్నా ఆ మూట మోయడమే తనకు ఎక్కువ బాధ అన్నారు. తర్వాత తండ్రి గుర్రం పనికి ఒక సేవకురాలిని పంపితే, బానిసత్వం నుంచి విడుదలైనంత ఊరట పొందారు. శ్రమ గొప్పదే. కాని అంతా ఒక్కరి నెత్తినే పడితే అది భారమవుతుంది.

క్రీ.శ. 692లో హజ్జాజ్ సేన మక్కాను ముట్టడించినప్పుడు కుమారుడు అబ్దుల్లా (రజి) సలహా కోసం ఆమె వద్దకే వచ్చారు. సత్యంపై నిలబడమని ధైర్యం చెప్పి పంపారు. ఆయన షహీద్ అయ్యాక హజ్జాజ్‌కు నిర్భయంగా జవాబిచ్చారు. కొన్నాళ్ళకే ఆమె పరమపదించారు. అప్పటికి వయస్సు సుమారు 100 ఏళ్ళు. చూపు పోయింది గాని ఒక్క పన్ను ఊడలేదనీ, బుద్ధి మందగించలేదనీ చరిత్రకారులు రాశారు.

ఆయుష్షు అల్లాహ్ చేతిలోనిది. శరీరాన్ని పనిలో ఉంచడం మాత్రం మన చేతిలోనిదే. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమనీ, ఇంటిపని కూడా అందులోకే వస్తుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. దైవప్రవక్త (స) తన చెప్పులు తానే కుట్టుకునేవారు, ఇంటిపనుల్లో సాయపడేవారు. కనుక సోదరులారా! బిందె ఎత్తండి, వాకిలి ఊడ్వండి, మస్జిద్‌కు నడిచి వెళ్ళండి. మీ ఒంటికి బలం, ఇంట్లో స్త్రీలకు ఊరట రెండూ దక్కుతాయి.