నంది తిమ్మన: వెనుకకు చదివినను మారని పద్యము

విజయనగరమును 1509 నుండి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయల ఆస్థానమున వెలుగొందిన మహాకవులలో నంది తిమ్మన ఒకడు. ఇతడు నంది సింగన కుమారుడు, పరమ శివభక్తుడు. రాయల దేవేరి తిరుమలదేవి పుట్టింటి నుండి అరణముగా ఈ కవి విజయనగరమునకు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. నాసికను వర్ణించిన పద్యమొకటి ఇతనిదను ప్రతీతి వలన ముక్కు తిమ్మన యను పేరు కలిగెను.

ఇతని కీర్తికి మూలము ఐదు ఆశ్వాసముల పారిజాతాపహరణము. రుక్మిణికి దక్కిన పారిజాత పుష్పము వలన సత్యభామకు కలిగిన అలుకయు, శ్రీకృష్ణుడు దానిని తీర్చుటయు ఇందలి కథ. రాయలకును తిరుమలదేవికిని నడుమ కలిగిన ఎడబాటును తొలగించుటకే కవి ఈ కథను ఎన్నుకొనెనని ఐతిహ్యము.

మృదువైన పలుకులకు పేరొందిన ఈ కవియే కడపటి ఆశ్వాసమున, శ్రీకృష్ణ స్తుతిలో, మిక్కిలి కఠినమైన పనికి పూనుకొనెను. అది అనులోమ విలోమ కందము. వికటకవి, కులుకు అను మాటలను ఎటు నుండి చదివినను ఒకటే. అట్లే నాలుగు పాదముల పద్యమంతయు తుది నుండి మొదటికి చదివినను మారరాదు. అర్థము పోరాదు, ఛందస్సు తప్పరాదు.

కందపద్యము గురువుతో ముగియవలెను. ఆ తుది అక్షరమే తిరిగి చదువునప్పుడు మొదటిదగును గనుక ఆరంభమునను గురువే ఉండవలెను. మొదటి పాదము గురువుతో ఆరంభమైనచో తక్కిన మూడును అట్లే ఆరంభము కావలెను. సంయుక్తాక్షరము తనకు ముందరి లఘువును గురువు చేయును. తిరుగవేసినప్పుడు ఆ బరువు వేరొక అక్షరముపై పడి గణము చెడును. అందుచే తిమ్మన పద్యమున ఒక్క సంయుక్తాక్షరమైనను లేదు. ఒక అక్షరము మార్చినచో దాని జోడును మార్చవలెను. ఒకచోట అర్థము కుదిరిన మరియొకచోట చెడును. వ్రాయుచు, చెరుపుచు, మరల వ్రాయుచు పోయిననే ఇట్టిది సిద్ధించును. అంతటితో తృప్తి చెందక, పాదపాదమును ఇరువైపుల నుండి ఒకే తీరున చదువదగిన పాదభ్రమకమును కూడ తిమ్మన రచించెను.

వ్యాఖ్యానము లేనిదే అర్థము తెలియని ఇట్టి రచన కవిత్వము కాదు, కసరత్తే యని కొందరందురు. అందు కొంత నిజము కలదు. అయినను శివభక్తుడగు కవి కృష్ణ స్తుతికై ఇంత శ్రమ పడుట స్మరింపదగినది.

మరియొక విశేషము కలదు. ఈ పద్యమును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి తిరుగవేసినచో అది చెదరిపోవును. హల్లును అచ్చును విడిపోవును గదా. తెలుగు అక్షరమున అవి రెండును కలసియే యుండును. కడలి దాటి వచ్చిన పూర్వులు నోటితో తెచ్చిన కీర్తనలను నేడు పరలిపిలో వ్రాసికొని పాడువారు అనేకులు. పాట అట్లు నిలుచును గాని, తిమ్మన పద్యము నిలువదు. పిల్లల పలక మీద తెలుగు అక్షరములు నిలిచి యున్నంతకాలమే అది ఇరువైపుల నుండియు పలుకును.